గంజి పెట్టిన అంగీ

ఆ రోజుల్లో రేణుకకు మైదా పిండి కనబడితే చాలు, జ్ఞానేశ్వర్ వీపు గుర్తొచ్చేది. వెడల్పాటి వీపు. దాని మీద మడత నలగని తెల్ల అంగీ. ఆ అంగీకి గంజి పెట్టేదీ, ఇస్త్రీ చేసేదీ రేణుకే. ఆలూరు బస్సు స్టేజీ దగ్గర ఆమెకు చిన్న రేకుల దుకాణం ఉంది. చీరల రోలింగ్, ఇస్త్రీ, పాత చీరలకు రంగు వేయడం, అన్నీ అక్కడే. జ్ఞానేశ్వర్ ఆ చుట్టుపక్కల లీడరు. పదవి ఇంకా ఏదీ రాలేదు కానీ, వచ్చినట్టే నడుస్తాడు. రేణుక మొగుడు ధనరాజ్ ఆయన కారు డ్రైవరు.

ఆ వీపు మీద ఆమెకంత ధ్యాస ఎందుకో చెప్పాలి. అంతకు ముందు దసరా వెళ్లాక జ్ఞానేశ్వర్ బిడ్డకు ఓణీల ఫంక్షన్ అయింది, మొయినాబాద్ దగ్గర ఆయన ఫామ్‌హౌస్‌లో. పట్టుచీరలకు కుచ్చిళ్లు పెట్టి ఆడవాళ్లకు కట్టడానికి రేణుకను పిలిచారు. సాయానికి అత్త మైసమ్మ కూడా వెళ్లింది. భోజనాల వేళకు జ్ఞానేశ్వర్ భార్య అరుణజ్యోతి నల్లపూసల దండ కనబడలేదు. ఆ గదిలోకి పొద్దుటి నుంచి ఎంతమంది వచ్చారో, ఎంతమంది పోయారో. జ్ఞానేశ్వర్ చూపు మాత్రం అటూ ఇటూ తిరగకుండా రేణుక మీదికే వచ్చింది.

“బట్టలకొచ్చినవా, బంగారానికొచ్చినవా? దొంగదానా! ఆ సంచి దులుపుర్రి ముందుగాల” అన్నాడు.

దులిపారు. పిన్నులు, దువ్వెన, సగం తిన్న బిస్కెట్ పొట్లం కింద పడ్డాయి. అది చాలదన్నట్టు ఇద్దరు ఆడవాళ్లు ఆమె కొంగు విప్పి, కుచ్చిళ్లు లాగి చూశారు. షామియానా కింద తింటున్నవాళ్లు ముద్దలు చేతిలో పట్టుకుని చూస్తూనే ఉన్నారు. మైసమ్మ నిలబడ్డ చోటే కూలబడింది. ధనరాజ్ కారు పక్కన తాళంచెవి తిప్పుకుంటూ నేల చూపులు చూశాడు. ఒక్క మాట అనలేదు మహానుభావుడు.

దండ మర్నాడు దొరికింది. ఎక్కడో కాదు, వాళ్ల ఇంట్లోనే, అరుణజ్యోతి అల్మారీ లాకర్లో. ఫంక్షన్‌కు పెద్ద హారం వేసుకోవాలని తనే తీసి లోపల పెట్టి మర్చిపోయింది. “దొరికిందే రేణుకా, ఫికర్ జేయకు” అని ఫోన్ చేసి, ఆమె ఊ అనేలోపే పెట్టేసింది. దొంగదానా అన్న మాట షామియానా మొత్తం విన్నది. దొరికిందన్న మాట రేణుక ఒక్కతే విన్నది.

ఇక ఊరు ఊరుకుంటుందా! చీరలు తెచ్చేవాళ్లు ఆమె కళ్లెదుటే జాకెట్ ముక్కలు లెక్కపెట్టి ఇవ్వడం మొదలుపెట్టారు. కొందరు చెప్పాపెట్టకుండా చేవెళ్లలో వేరే దుకాణం చూసుకున్నారు. పక్కన టీ హోటల్ కుర్మయ్య అయితే పొద్దున్నే నవ్వుతూ, “రేణుకా, ఇయ్యాల నా బనీను ఇస్త్రీకి ఇస్త గాని, గుండీలు భద్రం” అనేవాడు. బనీనుకు గుండీలుండవన్న ఇంగితం లేనివాడు కూడా తన మీద జోకులేస్తుంటే రేణుకకు ఒళ్లు మండిపోయేది.

సహించి సహించి ఒకరోజు తనే వెళ్లింది. జ్ఞానేశ్వర్ ఇంటి ముందు కుర్చీ వేసుకుని చాయ్ తాగుతున్నాడు.

“అందర్ల ముందట అన్నరు పటేలా. అందర్ల ముందట కాదని చెప్పుర్రి. నాకింకేం వద్దు.”

ఆయన నవ్వాడు. కోప్పడినా బాగుండేది. “నేను నిలబడి తప్పయిందని చెప్తే ఊర్ల నా ఇజ్జత్ ఏం గావాలె? ఏదో తొందరల అన్న. మర్చిపో ఇగ. అగో, అంగీలున్నయ్, తీస్కపో. గంజి జర గట్టిగ వెట్టు.”

ఆ అంగీల మూట చంకన పెట్టుకుని వస్తుంటే దారి పొడుగునా రేణుకకు ఒకటే ఆలోచన. ఆయన తనకు తగిలించిన మాటను మళ్లీ ఆయనకే తగిలించాలి. చాటుమాటుగా కాదు. షామియానా ఎంత పెద్దదో అంత మంది ముందు.

ఉపాయం ఆమె చేతుల్లోనే ఉంది. అంతకు కొన్నాళ్ల ముందు నుంచి ఫోన్‌లో వీడియోలు చూసి చున్నీల మీద మైదాతో పూలు వేయడం నేర్చుకుంటోంది. పద్ధతి చెబితే ఇంతేనా అనిపిస్తుంది. మైదాను నీళ్లలో జారుగా కలిపి, గోరింటాకు కోన్‌లో పోసి, బట్ట మీద పువ్వో ఆకో గీయాలి. ఎండాక మీద రంగు పూయాలి. రంగు ఆరాక చన్నీళ్లలో నానబెట్టి రుద్దితే పిండి ఊడిపోతుంది. పిండి ఉన్న మేర బట్ట తెల్లగా ఉండిపోతుంది, మిగతాదంతా రంగు. వినడానికి తేలికే. చేసేటప్పుడు మాత్రం పిండి ఆమెకు చుక్కలు చూపించింది. మొదటిసారి తొందరపడి వేన్నీళ్లలో వేస్తే పిండి ఉడికి బట్టకు అతుక్కుపోయింది. చాకుతో గీకినా రాలేదు. ఆ చున్నీని మైసమ్మ పొయ్యి తుడిచే గుడ్డ చేసుకుంది.

“మైదా అంత బట్టల పాలు జేస్తున్నవ్. పూరీలు జేస్తే తినెటోళ్లం గద, పిల్లా” అని రోజూ సణిగేది.

ఇప్పుడు చున్నీలు పక్కకు పోయాయి. హోలీ రాబోతోంది. హోలీనాడు జ్ఞానేశ్వర్ కడిగిన ముత్యంలా తెల్ల అంగీ వేసుకుని వస్తాడు. జనం ఆయనకు రంగులు పూస్తారు. ఆ పూసేదంతా కెమెరాలో తీయించుకుంటాడు. మధ్యాహ్నం ఎండకు రంగులు ఆరాక మగవాళ్లంతా ఆయన తోటలో క్యారెట్లు కడిగే తొట్టి దగ్గరికి పోయి ఒకరినొకరు తోసుకుంటారు. రంగు పూయడం, ఆరడం, చన్నీళ్లు. రేణుక చేయాల్సినదల్లా కోన్ పట్టుకోవడమే. మిగతా పనంతా ఊరే చేసిపెడుతుంది.

ధనరాజ్ పాత బనీన్ల మీద పరీక్షలు మొదలయ్యాయి. చేవెళ్ల అంగట్లో హోలీ రంగులు కొనుక్కొచ్చింది. బనీనంతా గంజి పెట్టి, దాని మీద పిండితో రాసి, రంగు పూసి కడిగింది. ఒక్క అక్షరం రాలేదు. గంజి కూడా రంగును పట్టనివ్వలేదు మరి, బనీను మొత్తం తెల్లగా తేలింది. ఈసారి వీపు భాగానికి గంజి వదిలేసి రాసింది. అక్షరాలు వచ్చాయి గానీ, ఎండిన పిండి మడతల దగ్గర పెళుసుగా విరిగి, పగుళ్లలోంచి రంగు లోపలికి దిగింది. పిండిలో చిటికెడు పటిక, కాసింత బియ్యప్పిండి వేస్తే ఆ పగుళ్లు తగ్గాయి. తడి మీద ఇస్త్రీ పెట్టి ఒక బనీను పాడుచేసుకున్నాక, ఇస్త్రీ ముందు, రాత తర్వాత అని తెలిసొచ్చింది. అయినా ఇంకో చిక్కు. నీలం పెట్టిన తెల్లబట్ట మీద ఎండిన మైదా పసుప్పచ్చగా కనబడుతోంది. పిండిలో కూడా ఒక చుక్క నీలం మందు వేసింది. బనీను ఎండలో పట్టుకుని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. తను రాసింది తనకే కనబడలేదు. ఆ రోజు ఆమెకు అన్నం సయించింది.

“ఎవల మీద వేస్తున్నవే ఈ మందు?” అని అడిగింది మైసమ్మ.

“మందు గాదు అత్తా, డిజైన్.”

మైసమ్మ బనీను వైపు చూసింది, కోడలి మొహం వైపు చూసింది. ఆ తర్వాత పూరీల ఊసెత్తలేదు.

హోలీకి ముందు అంగీల మూట వచ్చింది. అందులో కొత్తది, నిగనిగలాడేది ఒకటుంది. “పండుగకు ఇదేనంట” అని ధనరాజ్ చెప్పాడు. కాలరుకు, చేతులకు, ముందు భాగానికి రేణుక గంజి దట్టించింది. జ్ఞానేశ్వర్ తడిమి చూసేది అవే. వీపుకు గంజి తగలకుండా వదిలేసి ఇస్త్రీ చేసింది. తర్వాత దుకాణం తలుపు దగ్గరగా వేసి, అంగీని బల్ల మీద బోర్లా పరిచి, కోన్ పట్టుకుంది. పెళ్లికూతుళ్లకు గోరింటాకు పెట్టినంత శ్రద్ధగా, భుజం నుంచి భుజం దాకా, రెండే అక్షరాలు రాసింది. దొంగ. అంతకంటే ఎక్కువ ఆయన కూడా ఆమెను అనలేదు.

పండుగనాడు ఊరంతా తోటలోనే ఉంది. చేవెళ్ల నుంచి వచ్చిన కెమెరా సాయిచంద్ డ్రోన్ ఎగరేశాడు. ఆడవాళ్లు తొట్టికి ఒక పక్కన, మగవాళ్లు ఇంకో పక్కన. మైసమ్మ కూడా ఆడవాళ్లలోనే చతికిలబడి కూర్చుంది. జ్ఞానేశ్వర్ తెల్లగా వచ్చాడు. క్షణంలో ఆయన ఛాతీ ఎర్రగా, వీపు పచ్చగా మారిపోయాయి. అరచేతులతో ఆ వీపును రుద్దుతున్నవాళ్లను చూస్తుంటే రేణుకకు లోపల తీన్‌మార్ డప్పు మోగింది. రుద్దండి నాయనా, ఇంకా బాగా రుద్దండి, అనుకుంది. ఎండ ముదిరింది. రంగులు ఆరాయి. అరుపులు, ఈలల మధ్య నలుగురూ కలిసి ఆయనను ఎత్తి తొట్టిలో వేశారు.

ఆయన మునిగాడు, లేచాడు, మళ్లీ మునిగాడు. నవ్వుతూ అటు తిరిగాడు. వీపంతా పచ్చగానే ఉంది. ఒక్క గీత లేదు.

పిండి మోసం చేసిందా? పటిక తక్కువైందా? ఇంతలో వెనక నుంచి ఎవరో భుజం తట్టారు. ధనరాజ్. మొహమంతా గులాబీ రంగు, ఆ రంగులో పళ్లు. ఒంటి మీద వదులుగా, చేతులు మడిచిన తెల్ల అంగీ. తెల్లది అనడమే గానీ ఛాతీ నుంచి వీపు దాకా గులాబీ రంగే.

“జూసినవా? జ్ఞానేశ్వరన్న ఇచ్చిండు” అన్నాడు మురిసిపోతూ. “పొద్దుగాల నా టీ షర్ట్ జూసి, వీడియోల అందరు తెల్లగ ఉండాలె, మా ఇంటి మనిషివి నువ్వు గిట్ల ఉంటవా అని, కొత్త అంగీ నాకిచ్చిండు. ఆయన పాతది ఏస్కున్నడు. ఉంచుకో అన్నడు. రేణుకకు చెప్పు, గా మాట మనసుల వెట్టుకోవద్దని, అన్నడు.”

రేణుకకు అంతా ఒక్కసారే అర్థమైంది. అంత మంది ముందు పోయిన పరువుకు ఆయన కట్టిన వెల ఒక అంగీ! అది కూడా ఆమె చేత్తో ఇస్త్రీ చేసిందే. క్షమాపణ కూడా డ్రైవరు చేత చెప్పి పంపాడు.

అంతలో మగపిల్లలు ధనరాజ్ రెక్కలు పట్టుకున్నారు. “డ్రైవరన్న మిగిలిండు! ఎయ్యుర్రి తొట్టిల!”

ఒక్క క్షణం, పడనీ, అనిపించింది ఆమెకు. ఆ వేళ కారు పక్కన తాళంచెవి తిప్పుకుంటూ నిలబడ్డది ఈ మనిషే కదా. ఈ వీపు మాత్రం ఏం గొప్పదని! కానీ నీళ్లలోంచి లేచాక ఊరంతా చదివేది అతని వీపునే. దొంగదాని మొగుడు దొంగ అని నవ్వుతారు. జ్ఞానేశ్వర్ అందరికంటే ముందు నవ్వుతాడు.

గబగబా పోయి ధనరాజ్ కాలరు పట్టుకుంది. హోలీలో అంగీలు చింపుకోవడం మామూలే గనక పిల్లలు కేకలు పెట్టారు. గుండీలు పటపటా తెగాయి. అంగీ లాగేసుకుని గుండెకు అదుముకుంది. ధనరాజ్ బనీనుతో తెల్లబోయి నిలబడ్డాడు. ఇంకేముంది, ఇంటికి తీసుకుపోయి పొయ్యిలో వేస్తే అయిపోయేది. తప్పు ఎవరికీ తెలియకుండానే పోయేది. ఆమె రెండడుగులు వేసింది కూడా.

తొట్టిలోంచి జ్ఞానేశ్వర్ గొంతు వినబడింది. “ఏం రేణుకా! నేనిచ్చిన అంగీ గూడ ఎత్తుకవోతున్నవా?”

జనం గొల్లుమన్నారు. కుర్మయ్య అయితే కడుపు పట్టుకుని నవ్వాడు.

రేణుక ఆగింది. వెనక్కి తిరిగింది. నేరుగా తొట్టి దగ్గరికి వచ్చి, గట్టు మీద మోకాళ్లూని, అంగీని నీళ్లలో ముంచింది. నానే దాకా పట్టుకుంది. వీపు భాగం రెండు చేతుల మధ్య పెట్టి, దుకాణంలో ఏ బట్టనూ రుద్దనంత ఓపికగా రుద్దింది. పిండి మెత్తబడి వేళ్ల కింద జారిపోవడం ఆమెకు తెలుస్తూనే ఉంది. నవ్వులు తగ్గాయి. ఇదేం చేస్తోందని జనం దగ్గరికి జరిగారు. ఆమె లేచి, భుజాల దగ్గర పట్టుకుని అంగీని ఊరికి ఎదురుగా పరిచింది. గులాబీ రంగు మీద రెండు తెల్లటి అక్షరాలు, ఎంత దూరం నుంచైనా కనబడేంత పెద్దవి.

“ఈ అంగీ ఎవలది?” అని అడిగింది.

జనం కళ్లు తొట్టిలోని జ్ఞానేశ్వర్ వైపు తిరిగాయి. ఆ పెద్ద కొలత అంగీ ఆలూరులో ఇంకెవరికీ ఉండదు.

“చెప్పుర్రి, ఎవలది? నా పెనిమిటిదా? ఆయనకు పొద్దుగాల ఇచ్చిండ్రు. నేను రాసింది పటేల్ వీపుకు. నా చేతులతోని, మైదా పిండితోని రాసిన. ఎందుకంటే ఈ మాట ఆయనదే. నా సంచి దులిపి, నా చీర గుంజి, మీ అందర్ల ముందట నన్నన్నడు. మరి దండ ఎక్కడ దొరికింది పటేలా? మీ లాకర్ల దొరికింది. నాకు ఫోన్ల చెప్పిండ్రు. వీళ్లకు చెప్పిండ్రా?” ఆడవాళ్ల మధ్య ఉన్న అరుణజ్యోతి వైపు తిరిగింది. “అక్కా, జర నువ్వన్న చెప్పు. నీ మెడలున్నది గదే దండ గాదా?”

అందరి కళ్లూ ఆమె మెడ మీదికి పోయాయి. ఆమె చేయి చటుక్కున నల్లపూసలను కప్పింది. ఆ చేయి కప్పకపోయినా బాగుండేది. చూడనివాళ్లు కూడా చూశారు.

“అంటే దొరికిందానే?” అన్నాడు కుర్మయ్య, నోరు తెరిచి. అతని మొహంలో నవ్వు లేదు.

“కెమెరా బంద్ జెయ్యిరా!” అని అరిచాడు జ్ఞానేశ్వర్. మెడ దాకా నీళ్లలో ఉన్నాడు. పాపం, పైకి వస్తే తడిసిన పాత అంగీ ఒంటికి అతుక్కుని కెమెరాలో పడుతుంది. వెంటనే రాలేకపోయాడు. “పండుగ పూట ఏం లొల్లి ఇది? ధనరాజ్! రేపటి సంది నువ్వు పనికి రాకు!”

“ఆయన పనికి రాడు. నువ్వు మాత్రం తప్పయిందను” అంది రేణుక. మీరు పోయి నువ్వు ఎప్పుడు వచ్చిందో ఆమెకే తెలియదు.

ఆయన అనలేదు. ఆమె అంగీ పిండుకుని, మైసమ్మను చేయి పట్టుకుని లేపి, ఇంటికి నడిచింది.

ధనరాజ్ చాలా రోజులు దుకాణం వైపే రాలేదు. “నాకొక మాట చెప్పకపోతివి” అన్నాడు ఒకసారి. “నువ్వా రోజు ఒక మాట మాట్లాడకపోతివి” అంది ఆమె. తర్వాత కొండకల్ వైపు ఫ్యాక్టరీకి పనివాళ్లను తీసుకుపోయే వ్యాన్ తోలడానికి కుదిరాడు. పొద్దున్నే పోయి చీకటి పడ్డాక వస్తాడు. జీతం తక్కువ. అయినా సురంగల్‌లో ఆమె తల్లిగారింటికి పోయినప్పుడు, ఆ అంగీ కథ తనే మొదలుపెట్టి, తనే పూర్తి చేశాడట.

అంగీ దుకాణం ముందు వేలాడింది. రేణుక దాన్ని ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, హ్యాంగర్‌కు తగిలించి, వీపు రోడ్డు వైపు తిప్పి కట్టింది. చేవెళ్లకు పోయే బస్సులోంచి కనబడుతుంది, మొయినాబాద్‌కు పోయే కారులోంచి కనబడుతుంది. జ్ఞానేశ్వర్ కారు కూడా ఆ దారినే పోవాలి. చీరలు మళ్లీ రావడం మొదలైంది. జాకెట్ ముక్కలు ఎవరూ లెక్కపెట్టడం లేదు. కుర్మయ్య రోజూ చాయ్ పంపిస్తున్నాడు. ఆమె తాగదు, వెనక్కి పంపుతుంది.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం, రోడ్డు మీద పిట్టలేని వేళ జ్ఞానేశ్వర్ ఒక్కడే వచ్చాడు. కారు దూరంగా ఆపుకున్నాడు. ఎన్నికలు దగ్గరపడ్డాయి మరి.

“తప్పయింది, రేణుకా. ఆ అంగీ తియ్యి” అన్నాడు గొణుగుతూ.

“గట్టిగ చెప్పు పటేలా. కుర్మన్నను పిలుస్త, స్టేజీ కాడ ఉన్నోళ్లను పిలుస్త. వాళ్ల ముందట చెప్పు. గా క్షణమే తీసి నీ చేతుల వెడ్త.”

ఆయన రోడ్డుకు అటూ ఇటూ చూశాడు. కారెక్కి వెళ్లిపోయాడు.

రేణుక బయటికి వచ్చి అంగీ వైపు చూసింది. ఎండకు గులాబీ రంగు వెలిసి, అక్షరాలు తెలుపులో తెలుపై కలిసిపోతున్నాయి. ఇంకొన్నాళ్లు పోతే ఎవరూ చదవలేరు. ఆయన ఎదురుచూస్తున్నది కూడా దానికేనేమో. హ్యాంగర్ దించి, అంగీని బల్ల మీద బోర్లా పరిచి, పక్కన చీరలకు వేసే గులాబీ రంగు పెట్టుకుంది. కోన్ కోసం వెతుకుతుంటే మైసమ్మ లోపలికి వచ్చింది. చేతిలో కుర్మయ్య పక్క కొట్టులో కొన్న మైదా పొట్లం. గిన్నె ముందు పెట్టుకుని, పొట్లం విప్పి, తనే పిండి పోసింది.

“ఈసారి జర చిక్కగ కలుపు, పిల్లా” అంది.